జిప్పు కవర్లో లీనియర్ ఆల్జీబ్రా

17 ఆగస్టు 2025, ఆదివారం

ఈ డైరీ 2019ది. బట్టల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చారు, ఇన్నాళ్ళూ బీరువాలో పడుంది. వారాలు కలవవు కాబట్టి కొట్టేసి రాసుకుంటున్నాను. నాకు డైరీ అలవాటు లేదు. కానీ ఒక సంగతి ఎవరికీ చెప్పలేను, చెప్పకుండా ఉండలేను.

పేపర్లో ఒక మూల చిన్న వార్త పడింది. పాత బ్యాచ్‌ల్లో ఒకటో రెండో పేపర్లు మిగిలిపోయినవాళ్ళకి మా యూనివర్సిటీ ఆఖరి అవకాశం ఇస్తోందట. వన్ టైమ్ ఛాన్స్. డిసెంబర్లో పరీక్ష. ఇది దాటితే ఇంకెప్పటికీ లేదు.

నాకు మిగిలింది ఒక్క పేపరే. లీనియర్ ఆల్జీబ్రా. 2003 మార్చిలో పంతొమ్మిది మార్కులు, సెప్టెంబర్లో ఇరవై ఏడు. పాసుకి ముప్పై అయిదు. ఈలోగా పెళ్ళి కుదిరింది. నాన్న శుభలేఖలో నా పేరు పక్కన బి.ఎస్సీ. అని వేయించారు. చర్చిలో అయ్యగారు మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివారు, మూడుసార్లూ బి.ఎస్సీ. అనే చదివారు. ఎవరికైనా ఆక్షేపణ ఉంటే చెప్పమని కూడా అడిగారు. యూనివర్సిటీ వాళ్ళెవరూ లేచి నిలబడలేదు.

తర్వాత బందర్లో ఇంటి ముందు బోర్డు పెట్టాం. జీవరత్నం మేడమ్ ట్యూషన్స్, బి.ఎస్సీ. (మాథ్స్). ఇరవై ఏళ్ళయింది. పదో తరగతి లెక్కలు నాకన్నా బాగా చెప్పేవాళ్ళని ఈ ఊళ్ళో చూపించమనండి. కాబట్టి బోర్డులో చాలావరకు నిజమే.

మా ఆయన జీవన్ కుమార్‌ది చిలకలపూడిలో రోల్డుగోల్డు పని. ఏ గాజు మీద ఎంత పూత ఉందో పట్టుకుని చెప్పేస్తారు. ఇరవై రెండేళ్ళ నుంచి నన్ను మాత్రం చెప్పలేకపోయారు, పాపం.

18 ఆగస్టు

నెట్ సెంటర్లో ఫీజు కట్టేశాను. "ఎవరికండీ?" అని అక్కడి కుర్రాడు అడిగాడు. మా చెల్లెలికి అన్నాను. నాకు చెల్లెలు లేదు.

21 ఆగస్టు

అటక మీంచి పాత పుస్తకం దించాను. పురుగులు నాకన్నా ఎక్కువ చదివాయి.

తెరిచి చూస్తే ఆశ్చర్యం, సిద్ధాంతాలన్నీ ఇంకా నోటికొస్తున్నాయి. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీలో ఏడేళ్ళు వరసగా బహుమతి నాదే. వాక్యానికి ముందు అధ్యాయం, వచనం చెప్పాలి, అయ్యాక మళ్ళీ చెప్పాలి. లీనియర్ ఆల్జీబ్రా కూడా అచ్చంగా అలాగే చదివాను. నూట పద్నాలుగో పేజీ, ఆరో సిద్ధాంతం, V అనునది ఒక వెక్టర్ స్పేస్ అనుకొనుము, అంటూ ఆమెన్ దాకా. పరీక్షలో V బదులు W ఇచ్చారు. ఆ W ఎవరో నాకు తెలీదు. మూడు గంటలు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో ఈ పుస్తకం బాహాటంగా చదవడం కుదరదు. మా అత్తగారు అన్నమ్మ గారికి కళ్ళు బాగా కనపడతాయి, అదే గొడవ. బైబిలు తీసి దిండు పక్కన పెట్టి, దాని జిప్పు కవర్లో పుస్తకం దూర్చాను. కొలిచి కుట్టినట్టు పట్టింది. ప్రభువు క్షమిస్తాడు. ఆయన కూడా సృష్టి లెక్క ప్రకారమే చేశాడు కదా, ఆరు రోజులని.

25 ఆగస్టు

ఇవాళ షాహిదా వచ్చింది. అయిదేళ్ళు నా దగ్గర చదివింది, పదిలో లెక్కలకి తొంభై ఎనిమిది. ఇప్పుడు గుడివాడ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో చేరింది, రోజూ రైల్లో వెళ్ళొస్తుంది. వాళ్ళ నాన్న సలాం గారిది పెడనలో కలంకారీ అద్దకం పని.

"మేడమ్, ఫస్ట్ సెమిస్టర్లో మాథ్స్ ఒక్క ముక్క అర్థం కావట్లేదండీ. సారు బోర్డు నింపేసి తుడిచేస్తున్నారు. మీరు బి.ఎస్సీ. మాథ్స్ కదా, మీరు చెప్పండి మేడమ్."

"ఏ పేపరమ్మా?"

"లీనియర్ ఆల్జీబ్రా."

రేపు సాయంత్రం నుంచి రా అన్నాను. నేను అనలేదు, నా నోరు అంది.

26 ఆగస్టు

పొద్దున్నించీ ఆలోచించి ఒక ఉపాయం పట్టాను. షాహిదా రాగానే పుస్తకం దాని చేతికిచ్చి, సుద్దముక్క నేను పట్టుకున్నాను.

"ఇదివరకటిలా నేను చెప్పను. ఇప్పుడు నువ్వు పెద్దదానివి. చదివి అర్థమైంది నువ్వు చెప్పు, నేను బోర్డు మీద రాస్తా. తప్పెక్కడుందో నాకు తెలుస్తుంది."

"మరి అర్థం కాకపోతే మేడమ్?"

"అర్థమయ్యేదాకా అడుగుతా."

పాపం గంటన్నర కష్టపడింది. అది చెప్పేది నేను రాశాను. అది వెళ్ళాక బోర్డు మీది నోట్సులోకి ఎక్కించుకున్నాను. ఇది దాని మంచికే. ఎదుటివాళ్ళకి చెప్తేనే చదువు వస్తుందని ఎవరైనా అంటారు.

4 సెప్టెంబర్

బేసిస్ అంటే ఏంటని షాహిదాని తొమ్మిదిసార్లు అడిగాను. ఎనిమిదిసార్లు పుస్తకంలో మాటే చెప్పింది. నేనూ ఒకప్పుడు అదే చెప్పేదాన్ని కాబట్టి వదల్లేదు. తొమ్మిదోసారి దానికి చిరాకొచ్చింది.

"అబ్బ, మేడమ్! మీ ఇంటి నుంచి మా ఇంటికి దారి చెప్పాలంటే తూర్పుకి ఇన్ని అడుగులు, ఉత్తరానికి ఇన్ని అడుగులు అంటే చాలు కదా. ఈ రెండూ ఉంటే బందర్లో ఏ ఇల్లైనా చెప్పొచ్చు. మూలగా వెళ్ళే దారి ఇంకోటి చెప్పడం దండగ, అది ఈ రెండిట్లోంచే వస్తుంది. ఒక్కటే ఉంటే చాలదు, మూడుంటే ఎక్కువ. అదీ బేసిస్!"

సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ఇంతేనా? ఈ మాట కోసమా నేను ఇరవై రెండేళ్ళు దాక్కున్నది? పైకి మాత్రం "ఊఁ, ఇప్పుడు దారిలో పడ్డావ్" అన్నాను.

12 సెప్టెంబర్

ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోన్లో కూడా చదువుతున్నాను.

అమెరికాలో ఒక పెద్దాయన చెప్పే పాఠాలున్నాయి. ఆయన ఇంగ్లీషు నాకు సగం అందదు గానీ, లెక్క తేలినప్పుడు ఆయన మొహంలో సంతోషం పూర్తిగా అర్థమవుతుంది. లెక్క ఫొటో తీస్తే జవాబిచ్చే యాప్ ఒకటుంది. చూస్తున్నంతసేపూ నాకు వచ్చేసినట్టే ఉంటుంది, ఫోను పక్కన పెట్టగానే పోతుంది. ఇంకొకటి, ఏది అడిగినా మాట్లాడే ఏఐ. ఎంత తెలివితక్కువ ప్రశ్న వేసినా "చాలా మంచి ప్రశ్న" అంటుంది. ఈ ఇంట్లో నా ప్రశ్నని మంచిదన్నవాళ్ళు లేరు. ఆ మాట కోసమే ఇవాళ అరగంట అడుగుతూ కూర్చున్నాను.

అన్నీ చూశాక తేలిందేంటంటే, చిరాకుపడుతూ చెప్పే షాహిదాయే నయం.

5 అక్టోబర్, ఆదివారం

కొంప మునిగింది. కోడలు రోజుకి రెండు గంటలు బైబిలు వదలడం లేదని మా అత్తగారు అయ్యగారికి చెప్పారు. ఆయన ఆరాధన అయ్యాక అందరి ముందూ, వచ్చే శనివారం గూడూరులో జరిగే స్త్రీల కూటంలో సిస్టర్ జీవరత్నం సాక్ష్యం చెప్తారని ప్రకటించేశారు.

11 అక్టోబర్

చెప్పాను. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు.

"రోజూ మధ్యాహ్నం ఆ జిప్పు తీస్తానమ్మా. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. చిన్నప్పుడు కంఠతా పట్టిందంతా ఉత్త పెదవులతోనే అని ఇప్పుడు తెలిసింది. ఒక్కో మాట దగ్గర ఆగుతున్నాను. అర్థం కాకపోతే చిన్నపిల్లనైనా సిగ్గుపడకుండా అడుగుతున్నాను. డిసెంబర్ నాటికి నాకు విడుదల దొరుకుతుందని నమ్ముతున్నాను."

ముగ్గురు ఏడ్చారు. అయ్యగారి భార్య నన్ను కావలించుకుని, డిసెంబరే ఎందుకమ్మా అని అడిగారు. క్రిస్మస్ కదండీ అన్నాను.

29 అక్టోబర్

తుఫాను. రెండు రోజులుగా కరెంటు లేదు, ఫోను చచ్చిపోయింది, షాహిదా రాలేదు. కిటికీ దగ్గర కూర్చుని ఒక లెక్క మొదటినించి చివరిదాకా నేనే చేశాను. ఎవరూ చెప్పలేదు, ఎందులోనూ చూడలేదు. మూడు పేజీలు పట్టింది. వెనక జవాబు చూస్తే సరిపోయింది. లేచి వంటింట్లోకి పరిగెత్తాను, మా అత్తగారికి చెప్పేయాలని. "ఏమైందే?" అన్నారావిడ. ఏమీ లేదత్తయ్యా, వాన తగ్గింది అన్నాను. బయట ఇంకా కొడుతూనే ఉంది.

7 నవంబర్

ఐగెన్ వెక్టర్ అంటే ఏంటని షాహిదాని రెండు రోజులు పీక్కుతిన్నాను. ఇవాళ చెప్పింది.

"మా అబ్బా వాళ్ళు తడిగుడ్డ ఆరేసేటప్పుడు ఇద్దరు రెండు కొసలు పట్టి లాగుతారు మేడమ్. గుడ్డ మీద ఏటవాలు గీతలన్నీ పక్కకి తిరిగిపోతాయి. లాగుతున్న వైపే ఉన్న గీత మాత్రం తిరగదు, అదే దిక్కులో సాగుతుంది. ఆ తిరగని గీతే ఐగెన్ వెక్టర్. ఎంత సాగిందో అది ఐగెన్ వాల్యూ."

ఈ పిల్లకి బంగారపు నోరు. దాన్ని చూస్తే నాకు గర్వంగానూ ఉంది, కొంచెం కుళ్ళుగానూ ఉంది.

14 నవంబర్

"మేడమ్, ఇవాళ బోర్డు మీద నేను చేయనా? పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆగిపోతోందండీ" అంది షాహిదా.

నాకు పరీక్ష ఇంకా పాతిక రోజులే ఉంది. డయాగొనలైజేషన్ లెక్కల్లో ఇంకా తడబడుతున్నాను.

"రాయడానిదేముంది తల్లీ, అది ఎప్పుడైనా వస్తుంది. నువ్వు చెప్తూ ఉండు" అన్నాను. సుద్దముక్క ఇవ్వలేదు.

దాని మంచికే.

16 నవంబర్, ఆదివారం

సలాం గారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడి మాట్లాడారు, లోపలికి రమ్మంటే రాలేదు.

"పిల్ల ఇంట్లో కూడా లెక్కలే మాట్లాడుతోందండీ మేడమ్ గారూ. మా వంశంలో ఇంజనీరింగ్ దాకా వెళ్ళింది ఇదే. మీ చేతిలో పెట్టాం, మీదే భారం."

ఆయన వెళ్ళాక కాసేపు ఏ పనీ తోచలేదు. తర్వాత డయాగొనలైజేషన్ చేసుకున్నాను.

9 డిసెంబర్, మంగళవారం

గుడివాడలో సెంటరు. ఇంట్లో స్త్రీల కూటం అని చెప్పి రైలెక్కాను.

కాలేజీ గేటు దాటి గది వెతుక్కుంటూ వెళ్తే లోపల తేజ ఉన్నాడు. నా ట్యూషన్లో 2010 బ్యాచ్, మా వీధి చివరి ఇల్లు. ఇప్పుడు ఆ కాలేజీలోనే లెక్చరరట. నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్! మీకూ ఇన్విజిలేషన్ వేశారా? నమస్తే అండీ. కూర్చోండి మేడమ్, కూర్చోండి."

కుర్చీ తన చేత్తో తుడిచి నన్ను కూర్చోబెట్టాడు. ఆన్సర్ బుక్‌లెట్ల కట్ట నా ముందు పెట్టాడు. మంచినీళ్ళ సీసా కూడా పెట్టాడు. ఎదురుగా బెంచీల మీద నావాళ్ళు పదిహేను మంది. బట్టతలలు, కళ్ళజోళ్ళు, ఒకాయనకి చేతికర్ర. అందరూ నన్ను చూసి భయంగా సర్దుకుని కూర్చున్నారు.

లేచి నిజం చెప్పాలి. లేవలేదు. ఒక నిమిషం కూర్చున్నాను. నాకు నేనే అబద్ధం రాసుకోవడం ఎందుకు, నాలుగు నిమిషాలు కూర్చున్నాను. ఎంత బాగుందో ఆ కుర్చీ. ఇద్దరి హాల్ టికెట్లు కూడా చూశాను. బెల్లు కొట్టారు.

"తేజా."

"మేడమ్?"

"మూడో బెంచీ ఖాళీగా ఉంది చూడు. అది నా నంబరు. నేను రాయడానికి వచ్చాను."

వాడికి అర్థం కాలేదు. నవ్వాడు. హాల్ టికెట్ తీసి చూపించాను. నవ్వు మెల్లిగా పోయింది. వాడు బుక్‌లెట్ రెండు చేతులతో అందించి, మూడో బెంచీ కూడా చేత్తో తుడిచాడు.

పేపర్లో V లేదు, W కూడా లేదు. ఈసారి U. ఎవరైతే నాకేంటి, తూర్పుకి ఎన్ని అడుగులో ఉత్తరానికి ఎన్ని అడుగులో చూసుకుని రాసుకుపోయాను.

మూడు గంటలూ తేజ నిలబడే ఉన్నాడు. కుర్చీ ఖాళీగానే ఉంది. చేతికర్ర పెద్దాయన, "కూర్చో బాబూ, కాళ్ళు నొప్పెడతాయి" అంటే, "మా మేడమ్ ఉన్నారండి" అన్నాడు. అప్పుడు కళ్ళలో నీళ్ళొచ్చి ఒక మైనస్ గుర్తు తప్పు వేశాను. తర్వాత దిద్దుకున్నాను.

29 డిసెంబర్

షాహిదాకి ఇవాళ మాథ్స్ పరీక్ష. సాయంత్రం ఫోన్ చేశాను.

"ఎలా రాశావమ్మా?"

"అన్నీ తెలిసినవే మేడమ్." ఫోన్ పెట్టేసేముందు అంది, "టైమ్ చాలలేదండీ."

తెలిసినవే అంది. చాలు.

10 ఫిబ్రవరి 2026, మంగళవారం

యాభై ఎనిమిది.

యాభై ఎనిమిది! మూడుసార్లు చూశాను. నెట్ సెంటర్ కుర్రాడు, "మీ చెల్లెలు పాసయ్యారండీ" అన్నాడు. అవునయ్యా, చాలా తెలివైనది అన్నాను.

ఆటో మాట్లాడుకోకుండా ఇంటికి నడిచి వచ్చేశాను. బోర్డు ముందు ఆగి ఒక్కో అక్షరం చదివాను. ఇప్పుడు అంతా నిజం. ఇరవై ఏళ్ళ అబద్ధం ఒక్క పూటలో నిజమైపోయింది, కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. తేజ ఎలాగూ చెప్పడు. నా అంత అదృష్టవంతురాలు లేదు.

13 ఫిబ్రవరి, శుక్రవారం

షాహిదా మాథ్స్ ఫెయిలు. మిగతావన్నీ పాసు.

ఆ పేపర్ దిద్దినవాడికి బుద్ధి లేదు.

14 ఫిబ్రవరి

షాహిదా రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు.

బీరువాలోంచి ఆ నాలుగు నెలల నోట్సులు తీశాను. లాంగ్ నోట్‌బుక్కులు నాలుగు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నా దస్తూరీయే. షాహిదా చేత్తో రాసింది ఒక్క గీత కూడా లేదు. నాలుగు నెలలు మా ఇంట్లో ఆ పిల్ల ఒక్క లెక్క కాగితం మీద పెట్టలేదు. నోరు దానిది, చెయ్యి నాది. పెన్ను పట్టుకుంటే చెయ్యి ఆగిపోతోందని నోరు తెరిచి అడిగింది కూడా. నేనే ఇవ్వలేదు.

పేపర్ దిద్దినవాడి తప్పేం లేదు. నేను దొంగని. సిగ్గుగా ఉంది.

15 ఫిబ్రవరి, ఆదివారం

చర్చి నుంచి రాగానే మా ఆయనకి మొత్తం చెప్పేశాను. శుభలేఖ నుంచి షాహిదా దాకా. ఆయన చెవిదిద్దులు తుడుస్తూ విన్నారు.

"ఎంతన్నావ్? యాభై ఎనిమిదా?"

"అవునండి."

"అయ్యో రత్నం. రెండు మార్కుల్లో ఫస్ట్ క్లాసు పోయిందే."

అప్పుడు ఏడ్చాను. ఆయన దిద్దులు పక్కన పెట్టి టీ పెట్టడానికి లేచారు. మా అత్తగారు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు. రేపటి నుంచి నిజంగా బైబిలు చదువు, నా ముందు కూర్చుని పైకి చదువు, అన్నారు. సరేనన్నాను.

16 ఫిబ్రవరి, సోమవారం

షాహిదా వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ జైనాబ్ తలుపు తీసింది. సలాం గారు పనికి వెళ్ళలేదు. షాహిదా గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఇంజనీరింగ్ మాన్పించేద్దామనుకుంటున్నామండీ. లెక్కలు తన వల్ల కాదంటోంది మా పిల్ల. మీరు చెప్పినా రాలేదంటే ఇంక ఎవరు చెప్పినా రాదు కదండీ" అన్నారు సలాం గారు.

నేను వెళ్ళి చాప మీద కూర్చున్నాను.

"షాహిదా, ఇటు చూడమ్మా."

"మీకు తెలీదు మేడమ్" అంది గోడకే. "మీరెప్పుడూ ఫెయిలవలేదు."

సంచిలోంచి మూడు కాగితాలు తీసి చాప మీద వరసగా పెట్టాను. పంతొమ్మిది. ఇరవై ఏడు. యాభై ఎనిమిది. సలాం గారు వంగి చదివారు. మూడోదాని మీద తారీఖు దగ్గర ఆగారు.

"ఇది మొన్నటిదండీ?"

"మొన్నటిదేనండి. మీ అమ్మాయి నా దగ్గరకి వచ్చిన రోజుకి నాకు ఈ పేపర్ రాదు. తను చెప్తుంటే నేను నేర్చుకున్నాను. రాసే పనంతా నేను లాక్కున్నాను. అందుకే నాకు వచ్చింది, తనకి పోయింది. తన తప్పేం లేదండీ. నన్ను ఏమన్నా పడతాను."

షాహిదా మెల్లిగా తిరిగి కాగితాలు చూసింది.

"అంటే బేసిస్ గురించి తొమ్మిదిసార్లు అడిగింది, నిజంగా తెలీకేనా?"

"తెలీకే."

"తడిగుడ్డ కూడా రాశారా?"

"నాలుగో ప్రశ్నలో రాశాను. అది ఎనిమిది మార్కులది."

"నా మాటలకి మీకు యాభై ఎనిమిది. నాకు ఫెయిలు."

"అవును తల్లీ."

దాని మొహం ఎర్రబడింది. లేచి లోపలికి వెళ్ళిపోయింది. జైనాబ్ నా వైపు చూడకుండా పళ్ళెం తుడుస్తోంది. వెళ్ళిపొమ్మంటారేమో అని కాగితాలు తీసి మడత పెట్టుకున్నాను.

షాహిదా తిరిగి వచ్చింది. చేతిలో కొత్త నోట్‌బుక్కు, పెన్ను. నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని మొదటి పేజీ తెరిచింది.

"సప్లిమెంటరీ ఏప్రిల్లో ఉంది. ఇప్పుడు మీరు చెప్పండి, నేను రాస్తా. అర్థమయ్యేదాకా అడుగుతా. తప్పు చెప్తే ఊరుకోను."

"ఇప్పుడేనా? పుస్తకం తేలేదే."

"మీకు పుస్తకం ఎందుకు? మీరు పాసయ్యారుగా."

గొంతు సవరించుకున్నాను. సలాం గారు, జైనాబ్ కూడా వచ్చి కూర్చున్నారు. వెక్టర్ స్పేస్ దగ్గర మొదలుపెట్టాను. రెండో వాక్యం దగ్గరే షాహిదా ఆపింది.